కిడ్నీ మార్పిడి తర్వాత చెన్నై ఎండలో తొమ్మిదేళ్ళు: సన్‌స్క్రీన్, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, నల్ల గొడుగు

2016 ఆగస్టులో మా అక్క నాకు కిడ్నీ ఇచ్చింది. ఆపరేషన్ చెన్నైలోనే. డిశ్చార్జి రోజు చేతికి నాలుగు పేజీల కాగితం ఇచ్చారు. నీళ్ళు ఎన్ని తాగాలి, మాస్కు ఎక్కడెక్కడ పెట్టుకోవాలి, బయట తిండి ఎందుకు వద్దు, పంపరపనస ఎందుకు ముట్టకూడదు (కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా వేసుకునే టాక్రోలిమస్ మందు లెవెల్ రక్తంలో పెరుగుతుంది), అన్నీ రాశారు. ఎండ గురించి ఒక్క ముక్క లేదు. ఆ ఒక్క ముక్క లేకపోవడం వల్ల నాకు మూడు వేసవులు వృథాగా పోయాయి. ఇది చదివే వాళ్ళలో ఈమధ్యే మార్పిడి అయిన వాళ్ళుంటే వాళ్ళకైనా ఆలస్యం కాకూడదని రాస్తున్నాను.

నేను చెన్నై ప్యారీస్‌లో ఆండర్సన్ స్ట్రీట్‌లో పేపర్ హోల్‌సేల్ షాపులో లెక్కలు చూస్తాను. ఇల్లు క్రోంపేట. రోజూ లోకల్ ట్రైన్‌లో బీచ్ స్టేషన్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి నడక. మధ్యాహ్నం బ్యాంకు పని ఉంటే మళ్ళీ ఎండలోకే.

2019 ఏప్రిల్‌లో కింది పెదవి మీద, ఎడమ పక్కన, బియ్యపు గింజంత మేర పొలుసు లేచింది. వేసవిలో పెదవి పగలడం మామూలే కదా అని వెన్న రాశాను. పొలుసు ఊడేది, కింద ఎర్రగా కనిపించేది, నాలుగైదు రోజులకు సరిగ్గా అదే చోట మళ్ళీ లేచేది. నాలుకతో తడిమితే ఉప్పుకాగితంలా తగిలేది. రెండు నెలలు అలాగే నెట్టుకొచ్చాను. చివరికి మా ఆవిడే, "ఏమండీ, పుండు ఇన్నాళ్ళు మానకపోతే మీ మందులకు అది మంచిది కాదు" అని చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ముక్క తీసి పరీక్షకు పంపారు. యాక్టినిక్ కైలైటిస్ అని వచ్చింది. ఎండ వల్ల పెదవికి వచ్చే మార్పు అది. క్యాన్సర్ కాదు గానీ వదిలేస్తే అటువైపు వెళ్ళగలదు. లిక్విడ్ నైట్రోజన్‌తో కాల్చినట్టు చేసి తీసేశారు. పది రోజులు పులుపూ కారమూ ముట్టలేకపోయాను.

ఆ రోజే తెలిసిన సంగతులు కొన్ని ఉన్నాయి. శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టకుండా మనం జీవితాంతం రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వేసుకుంటాం. ఎండ వల్ల చర్మంలో పాడైన కణాలను ఏరిపారేసేది కూడా ఆ శక్తే. అది మెత్తబడితే పాడైన కణాలు బతికిపోతాయి. నార్వేలో 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో గుండె, కిడ్నీ మార్పిడి అయిన వాళ్ళకు స్క్వామస్ సెల్ రకం చర్మ క్యాన్సర్ మామూలు జనం కంటే 65 రెట్లు ఎక్కువ వచ్చినట్టు తేలింది. అది తెల్లవాళ్ళ లెక్క. మన చామనఛాయ మనకు కొంత కాపు. మన దేశంలో మార్పిడి అయిన వాళ్ళకు క్యాన్సర్ కంటే శోభి, తామర, పులిపిర్లే ఎక్కువ. కొంత కాపు అన్నాను, పూర్తి కాపు కాదు. నా పెదవే అందుకు సాక్ష్యం.

పైగా ఆ మందుల్లో నేను అప్పుడు వాడుతున్న ఒకటి అజాథయోప్రిన్. అది చవక అని రాశారు. ఆ మందు తాలూకు అణువులు చర్మ కణాల డీఎన్ఏలో చేరి, ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో యూవీఏ అనే రకాన్ని పీల్చుకుని లోపలే నష్టం చేస్తాయి. పెదవి రిపోర్టు చూశాక నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) సార్ దాన్ని మైకోఫెనలేట్‌కు మార్చారు. మీరు మాత్రం మీకు మీరే ఏ మందూ ఆపొద్దు, మార్చొద్దు. కిడ్నీయే పోతుంది. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "సార్, నా మందుల్లో ఎండకు పడనివి ఏవైనా ఉన్నాయా?" ఫంగస్‌కు ఇచ్చే వోరికొనజోల్, బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయాజైడ్, డాక్సీసైక్లిన్ లాంటివి కూడా ఎండకు చర్మాన్ని సున్నితం చేస్తాయి.

ఇక వాడకం సంగతి. నేను మొదట ట్యూబు కొన్నాను, బట్టల గురించి తర్వాత ఆలోచించాను. అది తలకిందుల పని. ఇన్నేళ్ళ తర్వాత నాకు అర్థమైనది, ఈ ఊళ్ళో మార్పిడి అయిన మనిషిని కాపాడేది ముందు బట్ట. బట్ట కప్పలేని చోటుకే క్రీము.

ఫుల్ హ్యాండ్స్ చొక్కాకు నేను పదికి పది ఇస్తాను. చెమటకు జారదు, కళ్ళల్లోకి కారదు, రెండు గంటలకోసారి మళ్ళీ వేసుకోనక్కర్లేదు. కాకపోతే ఏ గుడ్డ పడితే ఆ గుడ్డ పనికిరాదు. బట్ట ఆపే శక్తిని యూపీఎఫ్ అంటారు. యూపీఎఫ్ 50 అంటే యాభైలో ఒక వంతు మాత్రమే లోపలికి వస్తుంది. పల్చని తెల్ల కాటన్ టీషర్టుది పదికి లోపే, తడిస్తే ఇంకా తగ్గుతుంది. చెన్నైలో బీచ్ స్టేషన్ నుంచి షాపుకు నడిచేసరికి వీపు తడవని రోజేది? అందుకే షాపులో గుడ్డను ట్యూబ్‌లైటుకు అడ్డంగా పట్టి చూసే అలవాటు చేసుకున్నాను. నా వేళ్ళ ఆకారం అవతలి నుంచి కనిపిస్తే వద్దంటాను. నేత దగ్గరగా ఉన్న పాప్లిన్, కాస్త ముదురు రంగు (నీలం, సీసాపచ్చ) తీసుకుని కొంచెం వదులుగా కుట్టించుకుంటాను. మణికట్టు దగ్గర కఫ్ ఒక అంగుళం పొడుగు పెట్టమని దర్జీకి చెబుతాను, బస్సులో కడ్డీ పట్టుకుంటే చెయ్యి పైకి జారకుండా. వదులు వల్ల గాలి ఆడుతుంది. ముదురు రంగు ఉక్కపోస్తుందని భయపడ్డాను గానీ రెండు వారాల్లో అలవాటైంది.

రోడ్డు పక్కన అమ్మే సాగే చేతి తొడుగులు మూడు రకాలు వాడాను. కొన్న కొత్తలో బాగానే ఉన్నాయి. ఐదారు నెలలు ఉతికేసరికి సాగిపోయి, మోచేతి దగ్గర గుడ్డ పల్చబడి చర్మం కనిపించింది. అలా అయ్యాక అవి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. టూవీలర్ నడిపే వాళ్ళకు వేరే దారి లేదు కాబట్టి యూపీఎఫ్ రాసి ఉన్నవే కొని, ఏడాదికోసారి మార్చండి.

క్రికెట్ టోపీ నన్ను మోసం చేసింది. నుదురు కాపాడుతుంది, అంతే. చెవులూ మెడ వెనకా పూర్తిగా ఎండలోనే ఉంటాయి. మగవాళ్ళకు చెవి పైఅంచు చాలా ముఖ్యమైన చోటని డాక్టరమ్మ చూపించి మరీ చెప్పారు. ఇప్పుడు టోపీ కింద నుంచి చెవులూ మెడా కప్పేలా తువ్వాలు వేసుకుంటాను.

నల్ల గొడుగుకు తొమ్మిది. అమెరికాలో 2013లో చేతి గొడుగులను కొలిచి చూస్తే నల్లవి 90 శాతానికి పైగా యూవీని ఆపాయి. సూళ్ళూరుపేట దగ్గర మా ఊళ్ళో మా తాత నల్ల గొడుగు లేకుండా పొలం గట్టెక్కేవాడు కాదు. ఈ ఊళ్ళో ఎండకు గొడుగు పట్టిన మగవాణ్ణి జనం తిరిగి చూస్తారు, చూడనివ్వండి. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, గొడుగు పైనుంచి వచ్చేదాన్నే ఆపుతుంది. పొడి ఇసుక 15 శాతం దాకా, అలల నురుగు 25 శాతం దాకా యూవీని తిప్పి కొడతాయి. మెరీనాలో గొడుగు కింద కూర్చున్నా ముఖానికి క్రీము కావాల్సిందే. నేనైతే మెరీనాకు ఐదున్నర దాటాకే వెళ్తాను.

ఇప్పుడు సన్‌స్క్రీన్. కంపెనీల పేర్లు రాయను, ఫార్ములాలు మారుతూ ఉంటాయి. లేబుల్ మీద ఎస్పీఎఫ్ 50, పీఏ పక్కన మూడు నాలుగు ప్లస్‌లు, వాటర్ రెసిస్టెంట్ అనే మాట, ఈ మూడూ చూడండి. ఎస్పీఎఫ్ ముఖ్యంగా కాల్చే యూవీబీకి కొలత. యూవీఏ సంగతి పీఏ చెబుతుంది. మా బోటి వాళ్ళకు రెండోది మర్చిపోకూడదు, ఎందుకంటే యూవీఏ మామూలు అద్దంలోంచి కూడా వస్తుంది.

నా అసలు తప్పు ఎంత రాయాలన్న దాంట్లో జరిగింది. ట్యూబు తెరిచిన తేదీని పెన్నుతో దాని మీదే రాయడం నాకు అలవాటు. మొదటి 50 గ్రాముల ట్యూబు నాలుగు నెలలు వచ్చింది, పొదుపుగా వాడానని సంతోషించాను. అది చూసి డాక్టరమ్మ కోప్పడ్డారు. ఎస్పీఎఫ్‌ను కొలిచేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూస్తారు. ముఖం, చెవులు, మెడ కలిపితే గ్రాముంబావు దాకా అవుతుంది. చూపుడు వేలు, మధ్య వేలు, రెండింటి మీదా అడుగు నుంచి కొస దాకా గీత గీసినట్టు పిండుకుంటే సుమారు అంత. పొద్దునోసారి, మధ్యాహ్నం బయటికెళ్ళే ముందోసారి లెక్కేస్తే ట్యూబు ఇరవై రోజుల్లో అయిపోవాలి. నాకు నాలుగు నెలలు వచ్చిందంటే కావలసినదాంట్లో ఆరో వంతు రాసుకుని, 50 ఎస్పీఎఫ్ ఉందని ధైర్యంగా తిరిగానన్నమాట. నేను వాడే ట్యూబు 600 రూపాయలు, నెలకు ట్యూబున్నర. చేతులకు కూడా రాయాలంటే పూటకు ఇంకో మూడు నాలుగు గ్రాములు కావాలి, మన జీతాలకు అది అయ్యే పని కాదు. చొక్కా ముందు అన్నది అందుకే.

జర్మనీలో 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో మార్పిడి అయిన 120 మందిని రెండేళ్ళు గమనించారు. క్రమం తప్పకుండా సన్‌స్క్రీన్ రాసిన 60 మందిలో కొత్తగా స్క్వామస్ సెల్ క్యాన్సర్ ఒక్కరికీ రాలేదు, మిగతా 60 మందిలో 8 కేసులు వచ్చాయి. ట్యూబు ఖర్చు బరువనిపించిన నెలల్లో నేను ఈ లెక్కే గుర్తు చేసుకుంటాను.

జెల్ రకాలు చెన్నై చెమటకు నిలవలేదు. నుదుటి నుంచి కారి కళ్ళు మండాయి, ఒకసారి ట్రైన్‌లో కళ్ళు తెరవలేక సెయింట్ థామస్ మౌంట్‌లో దిగిపోయాను. జింక్ ఆక్సైడ్ ఉన్నది కళ్ళు మండించదు, కానీ మన ఛాయ మీద విభూతి పూసినట్టు తెల్లగా కనిపిస్తుంది. రంగు కలిపిన జింక్ క్రీము దొరికాక ఆ బాధ పోయింది. ఐదేళ్ళుగా అదే. ఒక వేసవిలో బ్యాగులో ఎండకు వదిలేసిన ట్యూబు నొక్కితే ముందు నీళ్ళు వచ్చాయి, వెనక ముద్దలు వచ్చాయి. అలాంటిది పారేయాల్సిందే. పెదవులకు ఎస్పీఎఫ్ ఉన్న లిప్ బామ్, తిన్న ప్రతిసారీ మళ్ళీ. మగవాళ్ళకు మొహమాటం ఉంటుందని తెలుసు. షాపులో ఒకతను "కలర్ రావడానికా సార్?" అని అడిగాడు. "మందుల వల్ల" అని చెప్పాను, ఆ రోజు నుంచి అతనే గుర్తు చేస్తాడు.

రాయడం మర్చిపోకుండా ఉండటానికి ఒక దారి దొరికింది. నా టాక్రోలిమస్ పొద్దున ఏడింటికి, పరగడుపున. తర్వాత గంట దాకా టిఫిన్ లేదు. ఆ ఖాళీ గంటలోనే స్నానం, క్రీము. మందు మానను కాబట్టి క్రీమూ మానను.

ట్రైన్‌లో ఎడమ వైపు కూర్చుంటాను. పొద్దున బీచ్ వైపు వెళ్ళేటప్పుడు ఎండ కుడి కిటికీలోంచి పడుతుంది, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ కుడి పక్కే. కారున్న వాళ్ళకు ఒక మాట: పక్క అద్దాల్లోంచి యూవీఏ వస్తుంది. ఫిల్ము అతికిద్దామంటే 2012లో సుప్రీంకోర్టు వద్దంది. కాబట్టి అక్కడా పొడుగు చేతుల చొక్కాయే.

ఎండ అంటే మనకు కర్తరి గుర్తొస్తుంది. ఈ ఊళ్ళో అగ్ని నక్షత్రం అంటారు. కానీ వేడి వేరు, యూవీ వేరు. చెన్నైలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏప్రిల్ 24 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 18 ప్రాంతంలో. ఆగస్టులో మబ్బు పట్టి చల్లగా ఉన్నా పల్చటి మబ్బు యూవీని పెద్దగా ఆపదు. ఫోన్‌లో వాతావరణంతో పాటు కనిపించే యూవీ ఇండెక్స్ (యూవీ తీవ్రతకు కొలత) 3కి చేరితే జాగ్రత్త పడమంటారు. ఇక్కడ డిసెంబర్ మధ్యాహ్నం కూడా అది దాటుతుంది. ఫోన్ చూడలేకపోతే నేల మీద మీ నీడ చూడండి. మీకంటే పొట్టిగా ఉంటే నీడ పట్టున ఉండండి.

ఈ జాగ్రత్తలకు ఒక నష్టం కూడా ఉంది. 2021లో నా విటమిన్ డి బాగా పడిపోయింది. మార్పిడి అయిన వాళ్ళకు ఎముకల బలం ముందే తక్కువ, స్టెరాయిడ్ వల్ల. నెఫ్రాలజిస్ట్ సార్ 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు రాశారు, కాల్షియం కూడా చూస్తూ. సొంతంగా మందుల షాపులో కొనుక్కోకండి.

నెలకోసారి, జీతం వచ్చిన ఆదివారం, మా ఆవిడ నా వీపు, చెవుల వెనక, అరికాళ్ళు, గోళ్ళ కింద చూస్తుంది. మన ఛాయ వాళ్ళకు ఎండ తగలని చోట కూడా రావచ్చట, అందుకని మరుగు చోట్లు కూడా. నాలుగు వారాలకూ మానని పుండు, రక్తం కారే గడ్డ, త్వరగా పెరిగే పులిపిరి కనిపిస్తే ఆగకుండా చూపించాలి. ఇంకో రెండు పులిపిర్లు కాల్పించుకున్నాను గానీ, 2019 తర్వాత పెదవికి మళ్ళీ ఏమీ రాలేదు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అక్క నా పెదవి పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది. "ఒరే తమ్ముడూ, నేనిచ్చింది లోపల బాగానే ఉంది. దాన్ని మోసే తోలు కూడా నువ్వే చూసుకోవాలి" అంది. అక్క గడప దాటి దొడ్లోకి రాగానే గొడుగు తెరిచాను, ఇద్దరం దాని కిందే చెరువు దాకా నడిచాం.

వచ్చే నెల చర్మం డాక్టరమ్మ దగ్గర ఏడాది పరీక్ష ఉంది. ఇప్పుడున్న ట్యూబు మీద 3వ తేదీ రాసి ఉంది, 23కి అయిపోవాలి. మళ్ళీ అదే కొంటాను.