లినక్స్‌లో ఫైళ్లు పంచుకోవడానికి ఎన్‌ఎఫ్‌ఎస్ మేలా, సాంబా మేలా?

లినక్స్ కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను నెట్‌వర్క్‌లోని ఇతరులకు అందించాలనుకునేవారికి ఈ ప్రశ్న తప్పదు. ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్)ను 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ యూనిక్స్ యంత్రాల కోసం రూపొందించగా, ఫైళ్లు పంచుకోవడానికి విండోస్ వాడే ఎస్‌ఎంబీ అనే పద్ధతిని యూనిక్స్ వైపుకు తెచ్చినది సాంబా. రెండూ ఉచితమే.

ఎన్‌ఎఫ్‌ఎస్ అమరిక: పంచే ఫోల్డర్ల జాబితా ఉండే ఎక్స్‌పోర్ట్స్ ఫైలులో ఒక వరుస రాసి, దాన్ని అమలు చేసే ఆదేశం ఇస్తే సరిపోతుంది.
సాంబా అమరిక: షేర్‌ను (పంచే ఫోల్డర్‌ను) నిర్వచించాలి, ప్రతి వాడుకరికీ సాంబా పాస్‌వర్డ్‌ను విడిగా పెట్టాలి.

అసలు తేడా భద్రతలో ఉంది. మామూలు అమరికలో ఎన్‌ఎఫ్‌ఎస్ మనిషిని కాక యంత్రాన్ని నమ్ముతుంది. అవతలి కంప్యూటర్ పంపిన యూజర్ ఐడీ సంఖ్యనే సర్వర్ నిజమని తీసుకుంటుంది. కాబట్టి ఒక యంత్రంలో 1000వ సంఖ్య గల వాడుకరి, మరో యంత్రంలో అదే సంఖ్య గల వేరొకరి ఫైళ్లను తెరవగలుగుతారు. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. వాడుకరి ఎవరో నిర్ధారించే కెర్బెరోస్ అనే వ్యవస్థను జోడిస్తే ఈ లోపం తీరుతుంది గానీ, చిన్న కార్యాలయానికి ఆ శ్రమ భారమే. సాంబా మాత్రం మొదటి నుంచీ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది.

ఏది వాడినా, బూట్ అయ్యేటప్పుడు ఏ ఫోల్డర్లను జతచేయాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో, ఆ ఫోల్డర్ వరుసకు నోఫెయిల్ అని చేర్చడం మంచిది. సర్వర్ ఆగిపోయినా మీ కంప్యూటర్ బూట్ అవుతుంది.

అన్నీ లినక్స్ యంత్రాలై, వాటి నిర్వహణ ఒకరి చేతిలోనే ఉంటే ఎన్‌ఎఫ్‌ఎస్ ఎంచుకోండి. ఒక్క విండోస్ ల్యాప్‌టాప్ ఉన్నా, అతిథులు వచ్చిపోయే నెట్‌వర్క్ అయినా సాంబాయే తగినది.