అరికాళ్లు కూడా చూసే చర్మ వైద్యురాలు

కర్నూలులో చర్మ వైద్యశాలలకు కొదవ లేదు. ఏ బోర్డు చూసినా జుట్టు రాలడం, ముఖం తెల్లబడటం గురించే. గాయత్రీ ఎస్టేట్ వైపు మేము వెళ్లిన చోటా అదే బోర్డు. గది లోపలికి వెళ్లాకే డాక్టరుగారి విలువ తెలిసింది.

మా అత్తయ్యది కోడుమూరు దగ్గర పల్లె. చెప్పుల్లేకుండా నల్లరేగడిలో తిరిగిన కాళ్లు. మడమ మీద కందిగింజంత నల్లమచ్చ వస్తే ఆనెకాయ అనుకుని మందుల దుకాణంలో పట్టీ కొనుక్కుంది. తగ్గలేదని బ్లేడుతో గీకబోతుంటే ఆపి తీసుకొచ్చాను.

డాక్టరుగారు ముందు చెప్పులు విప్పించారు. ఆ మడమతో ఆగకుండా రెండు అరికాళ్లు, వేళ్ల సందులు, అరచేతులు, ఇరవై గోళ్లూ చూశారు. తర్వాత డెర్మోస్కోప్ అనే చేతి భూతద్దం మచ్చకు ఆనించి, తెర మీద నాకూ చూపించారు. అరికాలి చర్మం దున్నిన చేనులా ఉంటుంది, గట్టు, సాలు, గట్టు, సాలు. నల్లరంగు సాళ్లలో ఉంటే చాలావరకు మామూలు పుట్టుమచ్చ. గట్ల మీద పరుచుకుంటే మెలనోమా, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్ అని అనుమానించి ముక్క తీసి పరీక్షకు పంపాలి. అత్తయ్యది సాళ్లలోనే ఉంది.

"మన రంగు చర్మానికి మెలనోమా అరుదమ్మా. వస్తే మాత్రం ఎక్కువగా అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద వస్తుంది" అన్నారు. దాని పేరు అక్రల్ లెంటిజినస్. ఎండకూ దీనికీ పెద్దగా సంబంధం లేదట. తెల్లవాళ్లలో ఎక్కువగా కనిపించేది పైపైన పాకే రకం. వయసు మళ్లినవాళ్ల ముఖం మీద, ఏళ్ల తరబడి ఎండ తగిలిన చోట నెమ్మదిగా పెరిగేది లెంటిగో మలిగ్నా. గడ్డలా లేచి త్వరగా లోతుకు దిగేది నాడ్యులర్. ఏ రకమైనా ఎన్ని మిల్లీమీటర్ల లోతుకు దిగిందన్నదే ప్రధానం, 1 మిల్లీమీటరులోపు పట్టుకుంటే నయమయ్యే అవకాశం బాగా ఎక్కువ.

మధ్యలో ఒక వింత ప్రశ్న వేశారు: "మీ ఇంట్లో ఎవరికైనా క్లోమ గ్రంథి క్యాన్సర్ వచ్చిందా?" కాలి మచ్చకూ క్లోమానికీ ఏమిటి సంబంధమని అడిగాను. సీడీకేఎన్2ఏ అనే జన్యువులో లోపం వంశంలో ఉంటే ఆ రెండు క్యాన్సర్లూ అదే కుటుంబంలో రావచ్చట. అయితే మెలనోమా వచ్చినవారిలో ఎక్కువమందికి అలాంటి వంశ చరిత్ర ఉండదు. బీరాఫ్ అనే ఇంకో జన్యువులో వచ్చే మార్పు వేరే సంగతి. అది పుట్టుకతో వచ్చేది కాదు, కణితిలోనే పుడుతుంది, మందు ఎంపికకు పనికొస్తుంది. జన్యు పరీక్ష చేయించమంటారా అని అడిగితే, "మీ ఇంట్లో ఎవరికీ లేదుగా, డబ్బు దండగ" అనేశారు. ఇంత తేటగా వద్దనే వైద్యులు అరుదు.

ఇక లోపాలు. మొదటి అంతస్తు, లిఫ్టు లేదు. కాలి సమస్యతో వచ్చిన ముసలివాళ్లు ఆ నిటారు మెట్లెక్కాలి! టోకెను వరుస ఎవరికీ అర్థం కాదు. ఫీజు కట్టే చోట ఉన్న అబ్బాయి, డాక్టరుగారు రాయకపోయినా, "క్యాన్సర్ రాకుండా" అంటూ సన్‌స్క్రీన్ ట్యూబు ముందు పెట్టాడు. "మడమకు ఎండ ఎక్కడ తగులుతుంది నాయనా?" అని అత్తయ్య అడిగేసరికి తీసి లోపల పెట్టుకున్నాడు. ఫీజు 500 రూపాయలు, మచ్చ ఫొటో తీసి దస్త్రంలో దాచినందుకు అదనంగా ఏమీ తీసుకోలేదు. ఆరు నెలల తర్వాత ఆ ఫొటోతో పోల్చి చూస్తామన్నారు. ఈలోగా మచ్చ పెరిగినా, అంచు వంకర తిరిగినా, రక్తం కారినా వెంటనే రమ్మన్నారు. ఒకే గోటికి కొత్తగా నల్లచార వచ్చి వెడల్పవుతున్నా చూపించుకోవాలట.

అయిదుకు నాలుగు చుక్కలు ఇస్తాను. వెళ్లేవాళ్లు ఉదయం పూట వెళ్లండి, సాయంత్రం మొటిమల పిల్లలతో కిటకిటలాడుతుంది. గోళ్లరంగు తుడిచేసి, గోరింటాకు, పారాణి లేకుండా వెళ్లండి. మా ముందున్న కొత్త పెళ్లికూతురిని రంగు పోయాక రమ్మని తిప్పి పంపారు.