సౌరకుటుంబ నమూనా పెట్టె: కొలతలే లోపం

మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయి కోసం కొన్న ఈ పెట్టెలో సూర్యుడు, ఎనిమిది గ్రహాలు, వాటిని నిలిపే తీగలు, రంగులు, కుంచె ఉన్నాయి. ప్లూటోను 2006లో మరుగుజ్జు గ్రహంగా వర్గీకరించిన సంగతిని కరపత్రంలో సరిగ్గానే రాశారు. శని వలయాలు చక్కగా అమరాయి. అయితే, అడ్డుకొలతలో (వ్యాసంలో) భూమికి సుమారు 11 రెట్లుండే గురుగ్రహాన్ని నిమ్మకాయంత, భూమిని ఉసిరికాయంత చేయడం వల్ల పిల్లలకు పరిమాణాల మీద తప్పుడు అభిప్రాయం కలుగుతుంది. నిజానికి భూమి శనగగింజంత అనుకుంటే గురుడు పెద్ద బత్తాయంత ఉండాలి. దూరాలూ అంతే, అన్నీ సమానంగా పెట్టారు. ఆ లోటును మేమే డాబా మీద తాడు పరిచి, సూర్యుడికి జానెడు దూరంలో భూమిని, ముప్పై జానల అవతల నెప్ట్యూన్‌ను ఉంచి తీర్చుకున్నాం. రంగులు మాత్రం ఆరడానికి రాత్రంతా పట్టింది.