ఎనిమిదేళ్లుగా పరాయి ఇళ్ల చిట్టాలు చదువుతున్నా

చెన్నైలో ఐస్‌హౌస్ బస్‌స్టాప్ పేరు చిన్నప్పటి నుంచి వింటున్నదే. అక్కడ నిల్వ చేసిన ఐసు బోస్టన్ చుట్టుపక్కల చెరువుల నుంచి ఓడల్లో వచ్చేదని మాత్రం అమెరికా వచ్చాకే తెలిసింది. ఆ వ్యాపారం నడిపిన ఫ్రెడరిక్ ట్యూడర్ డైరీలు, కంపెనీ లెక్కలు హార్వర్డ్ బిజినెస్ స్కూల్లోని బేకర్ లైబ్రరీలో ఉన్నాయని విని, ఒక్కసారి చూసొద్దామని వెళ్లాను. ఆ పిచ్చి ఇంకా వదల్లేదు. నేను చరిత్ర చదివినవాణ్ణి కాదు, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అయినా సెలవు దొరికితే ఏదో ఒక లైబ్రరీలో, ఎవరివో తాతముత్తాతల కాగితాల ముందు కూర్చుంటున్నాను.

డిగ్రీలేవీ అడగరు. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుని, ఫొటో ఉన్న కార్డు చూపిస్తే చాలు. బ్యాగు, పెన్ను లాకర్లో పెట్టించి, రాసుకోవడానికి పెన్సిలు ఒక్కటే లోపలికి రానిస్తారు. బూడిదరంగు అట్టపెట్టెలోంచి ఒకసారికి ఒక్క ఫోల్డరే తీయాలి. సినిమాల్లో లాగా తెల్ల గ్లవ్స్ ఇవ్వరు, చేతులు శుభ్రంగా, పొడిగా ఉంటే సరిపోతుంది. ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ఫొటోలు తీసుకోనిస్తే మాత్రం మొహమాటపడకండి, తీసుకోండి. కళ్లు నొప్పిపుడితే ఇంటికొచ్చి జూమ్ చేసుకుని చదువుకోవచ్చు.

కొత్తవాళ్లంతా ఉత్తరాల మీద పడతారు. నేనూ అదే చేశాను. కాగితం ఆదా కోసం ఒకసారి రాసిన పేజీనే పక్కకు తిప్పి, ఆ అక్షరాల మీదుగా అడ్డంగా మళ్లీ రాసిన ఉత్తరాలుంటాయి. అలాంటి ఒక్క పేజీకి నాకు ఓ పూట పట్టింది. చివరికి తేలిందేమిటంటే, బావగారికి జలుబు చేసిందట! చిట్టా (ఏ రోజు లెక్క ఆ రోజు రాసే పుస్తకం), ఆవర్జా (ఖాతాలవారీ లెక్కల పుస్తకం) అలా కావు. ఎప్పుడు, ఎంత, ఎవరికి అన్నది పద్దులో పడి తీరాలి. 1833లో బోస్టన్ నుంచి కలకత్తాకు మొదటిసారి ఐసు తీసుకెళ్లిన టస్కనీ ఓడలో ఎక్కించింది 180 టన్నులు, చేరింది దాదాపు 100. మన కొట్టువాళ్ల భాషలో మిగతాది తరుగు. అంత తరుగు పోయినా లాభం చూసిన మనిషి వ్యాపారం ఎలా చేశాడో ఉత్తరాల్లో కన్నా లెక్కల్లోనే బాగా అర్థమవుతుంది.

కాకపోతే నన్ను నిద్రపోనివ్వని చిట్టా వేరే ఒకటుంది. రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్ ఊరి బ్రౌన్ సోదరులు 1764లో సాలీ అనే ఓడను బానిసలను కొనడానికి ఆఫ్రికాకు పంపారు. వాళ్ల కుటుంబ వ్యాపార కాగితాలు జాన్ కార్టర్ బ్రౌన్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ ఓడ లెక్కల పుస్తకాన్ని స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టారు. కెప్టెన్ ఎసెక్ హాప్కిన్స్ రమ్ము లెక్క ఎలా రాశాడో, కొన్న మనుషుల లెక్కా అలాగే రాశాడు. ఎవరైనా చనిపోతే ఒక స్త్రీ, ఒక అబ్బాయి అని రాసి పక్కన నంబరు వేశాడు. పేరుండదు. కొన్నది 196 మందిని, పోయింది 109 మంది. దస్తూరీ ఎక్కడా వణకదు. అన్నదమ్ములు కెప్టెన్‌కు రాసిన ఉత్తరంలో మాత్రం, నష్టం పెద్దదే అయినా నువ్వు క్షేమంగా ఉన్నావు, అదే మాకు సంతోషం అన్న ధోరణి. ఉత్తరం ఒక్కటే చదివితే వీళ్లెంత మంచివాళ్లో అనిపిస్తుంది. 1804లో ఈ ఇంటివారసుడు ఇచ్చిన విరాళానికే అక్కడి కాలేజీ బ్రౌన్ యూనివర్సిటీ అయింది.

ఇక విసుగులు. ఒక లైబ్రరీకి నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వెళ్తే, మీరడిగిన పెట్టె వేరే ఊరి గోడౌన్‌లో ఉంది, రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. ఆ సెలవు బూడిదలో పోసిన పన్నీరే. అప్పటినుంచి పెట్టె నంబరుతో సహా ముందే మెయిల్ రాస్తున్నాను. ఇంకోచోట జాబితాలో వరసగా పదకొండు పెట్టెలకు ‘ఇతరాలు’ అనే రాసి ఉంది. తిట్టుకుంటూ తెరిచాను, నాకు పనికొచ్చే కూలి పద్దులన్నీ వాటిలోనే దొరికాయి. తేదీల్లో ‘ఇన్‌స్ట్’ అని ఉంటే ఈ నెల, ‘అల్ట్’ అని ఉంటే పోయిన నెల అని ఎవరూ చెప్పక ఏడాదిపాటు తికమకపడ్డాను.

స్కానులు పెరిగాక లైబ్రరీకి వెళ్లడం తగ్గింది. అయినా ఐసు కోసం అప్పుడప్పుడూ పెట్టెలు తీయిస్తూనే ఉన్నాను. మద్రాసుకు అప్పట్లో హార్బరు లేదు. ఓడలు దూరంగా ఆగితే సరుకును మసూలా పడవల్లో అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవారు. ఎండలో కరిగిపోతున్న ఆ దిమ్మెలను మోసినవాళ్ల పేరు ఒక్కటైనా ఏదో పద్దులో ఉంటుందని వెతుకుతున్నాను. ఇంతవరకు కనపడలేదు.