శ, ష, స విడిగా వినబడాలంటే: నాక్టువా ఎన్‌హెచ్-యు12ఎస్

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియాలో చదువుకునే పిల్లల కోసం తెలుగు పాఠాలు రికార్డు చేస్తుంటాను. ఒడియాలో శ, ష, స మూడూ రాస్తారు గానీ, మామూలుగా పలికేటప్పుడు ‘స’ ఒక్కటే వినిపిస్తుంది. అందుకే మా పిల్లలకు ఆ తేడా చెవి ద్వారానే పట్టించాలి. మైకులో కంప్యూటర్ ఫ్యాన్ గాలి కూడా ‘స్స్’ మనే పడుతుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో తుడిస్తే నా ‘శ’ పదును కూడా పోతుంది. నాకు నిశ్శబ్దమైన కంప్యూటర్ కావాల్సింది అందుకే. ఇప్పుడు దాని ప్రాసెసర్‌ను చల్లబరిచేది నాక్టువా ఎన్‌హెచ్-యు12ఎస్ అనే కూలర్.

పోయిన ఏడాది కొత్తది అసెంబుల్ చేయిస్తుంటే మా మేనల్లుడు, “అత్తా, నీళ్ల కూలర్ పెట్టించుకో, చప్పుడే ఉండదు” అన్నాడు. 240 మిల్లీమీటర్ల రేడియేటర్, అంటే వేడెక్కిన నీళ్లను చల్లార్చే రేకుల పలక, ఉన్నది ఒకటి తెప్పించాం. నీళ్లదైనా వేడి చివరికి గాలిలోకే పోవాలి కదా, దానికీ రెండు ఫ్యాన్లు ఉన్నాయి. పైగా పంపు. ఫ్యాన్‌ను బాగా నెమ్మది చేసుకోవచ్చు, పంపు మాత్రం కంప్యూటర్ ఆన్‌లో ఉన్నంతసేపూ తిరగాల్సిందే. రాత్రి సీలింగ్ ఫ్యాన్ ఆపి మైకు ముందు కూర్చుంటే బల్ల కింద నుంచి తుమ్మెద రొద. ఒక్కోసారి గొట్టంలో గాలిబుడగలు గలగలమనేవి. రేడియేటర్‌ను పంపు కంటే ఎత్తులో బిగించాక గలగల తగ్గింది, రొద పోలేదు. నాలుగు నెలలు ఓర్చుకుని తీసేయించాను.

దాని స్థానంలో పెట్టిందే ఈ నాక్టువా. ఆస్ట్రియా కంపెనీ. సన్నని రేకుల దొంతర, అయిదు వేడి గొట్టాలు, ఒక్కటే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్. దీన్ని గాలి కూలర్ అంటారు గానీ, ఇలాంటి రాగి గొట్టాల్లో సాధారణంగా కాసిన్ని నీళ్లే ఉంటాయి. ప్రాసెసర్ వేడికి అవి ఆవిరై రేకుల వైపు వెళ్లి, అక్కడ చల్లబడి మళ్లీ ప్రాసెసర్ దగ్గరికి వస్తాయి. పంపు అక్కర్లేదు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి దీని మీద నాకు ప్రేమ పెరిగింది.

నా ప్రాసెసర్ రైజన్ 7 5700ఎక్స్, 65 వాట్లది. బాక్సులో కూలర్ రాదు, విడిగా కొనాల్సిందే. ఈ ఫ్యాన్ నిమిషానికి 1500 చుట్ల దాకా తిరగగలదు. నేను బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే తెరుచుకోగల సెట్టింగుల్లో) మామూలు పనికి 600 దగ్గర ఆపాను. వేగం సగానికి తగ్గిస్తే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. వేడి కాస్త పెరగగానే ఫ్యాన్ ఎగిరిపడకుండా కొన్ని సెకన్లు ఆగేలా కూడా పెట్టుకున్నాను. ఆగి ఆగి లేచే చప్పుడు చెవికి మరీ చిరాకు. మే నెలలో, గది ఉడికిపోతున్నప్పుడు, పాఠం ఎక్స్‌పోర్ట్ చేస్తుంటే ప్రాసెసర్ 78 డిగ్రీల దాకా వెళ్లింది. దానికి అది ప్రమాదం కాదు.

ఇబ్బందులు లేకపోలేదు. ఎత్తు 158 మిల్లీమీటర్లు. నా పాత క్యాబినెట్ మూత పట్టక క్యాబినెట్ కూడా మార్చాల్సి వచ్చింది. కొనేముందు స్కేలు పెట్టి కొలవండి. ధర ఎక్కువే, కానీ ఆరేళ్ల వారంటీ ఉంది. మట్టిరంగు ఫ్యాన్ అందరికీ నచ్చకపోవచ్చు. రేకుల్లో దుమ్ము చేరుతుంది, నెలకోసారి బ్రష్‌తో దులుపుతున్నాను.

కోర్ ఐ9-14900కె లాంటి ప్రాసెసర్ 253 వాట్ల దాకా తాగుతుంది. దాని మీద గంటల తరబడి వీడియో పని చేసేవాళ్లకు పెద్ద రేడియేటరే మేలు. నీళ్లు మెల్లగా వేడెక్కుతాయి కాబట్టి అక్కడ ఫ్యాన్లూ ఉలిక్కిపడవు. మాలాగా గొంతు రికార్డు చేసుకునేవాళ్లకు, 65 వాట్ల ప్రాసెసర్‌కు నీళ్లది వద్దు. ఆ డబ్బుతో పాత హార్డ్ డిస్క్ తీసేసి తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి, డిస్క్ గరగర కూడా పోతుంది.

నిన్న రాత్రి ‘విశేషం’ అన్న మాట రికార్డు చేశాను. హెడ్‌ఫోన్లలో ‘శ’ వేరుగా, ‘ష’ వేరుగా వినిపించాయి. వెనక గుణుపూర్ రైలు కూత ఒక్కటి పడింది. ఆ ఒక్క ముక్క మళ్లీ చదివాను.