మ్యాగజైన్ యాడ్: పదునైన లైనా, మాట్లాడే చిప్పా... ఏది మేలు?

మ్యాగజైన్‌లో ఫుల్ పేజీ యాడ్ ఇద్దామని వచ్చేవాళ్లు మొదట అనే మాట "ఏదైనా డిఫరెంట్‌గా చేద్దామండీ" అని. డిఫరెంట్ అంటే ఏంటని కదిపితే చివరికి రెండు రకాలుగా తేలుతుంది. ఒకటి, పేజీ మామూలు కాగితమే, దాని మీదున్న బొమ్మో మాటో చదివేవాడిని ఆపాలి. రెండోది, పేజీయే ఏదో ఒకటి చెయ్యాలి: పాడాలి, వెలగాలి, వాసన రావాలి, చింపి చేతికి కట్టుకునేలా ఉండాలి. రెండూ జనాన్ని ఆపుతాయి, అందులో డౌట్ లేదు. డబ్బు పెట్టేవాడికి ఏది గిట్టుబాటు అన్నదే అసలు గొడవ.

నా ఓటు చాలావరకు మొదటిదానికే. ఎందుకో చెప్పాలంటే 1960లో ఫోక్స్‌వ్యాగన్ అమెరికాలో వేసిన "లెమన్" యాడ్‌ని దగ్గర్నుంచి చూడాలి. పేజీలో ఎక్కువ భాగం బీటిల్ కారు నలుపు తెలుపు ఫొటో, దాని కింద ఒకే ఒక్క మాట, లెమన్ అని. అక్కడ కొన్నాక తలనొప్పి తెచ్చే డొక్కు బండిని అలా అంటారు. కంపెనీవాడే తన కారు ఫొటో కింద ఆ మాట అచ్చేసుకుంటే ఎవడైనా ఆగుతాడు కదా. ఆగినవాడు కింద ఉన్న చిన్నక్షరాలు చదువుతాడు, అసలు కథ అక్కడుంది: ఈ కారు గ్లవ్ బాక్స్ మీది క్రోమ్ పట్టీకి మచ్చ పడింది, మీ కంటికి ఆనేది కాదేమో గానీ మా ఇన్‌స్పెక్టర్ కర్ట్ క్రోనర్ కంటికి ఆనింది, అందుకే ఆపేశాం. వోల్ఫ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో తనిఖీ తప్ప వేరే పని లేనివాళ్లు 3,389 మంది ఉన్నారనీ, రోజూ తయారయ్యే కార్ల కన్నా వాళ్లే ఎక్కువనీ లెక్క కూడా ఇచ్చారు. అంటే తిట్టుతో పిలిచి, నమ్మకం అమ్మి పంపారన్నమాట.

దానికి ముందు 1959లో, లెమన్ యాడ్ తయారు చేసిన ఏజెన్సీయే, డాయిల్ డేన్ బెర్న్‌బాక్, ఫోక్స్‌వ్యాగన్‌కే "థింక్ స్మాల్" వేసింది. హెల్మట్ క్రోన్ లేఅవుట్, జూలియన్ కోనిగ్ కాపీ, అంటే యాడ్‌లో ఉండే రాత. పేజీ అంతా ఖాళీ, పైన ఒక మూల అగ్గిపెట్టెంత కారు. అప్పట్లో మిగతా కార్ల కంపెనీలు బండిని ఉన్నదానికన్నా పొడుగ్గా, వెడల్పుగా బొమ్మ గీయించి, పక్కన బంగళా, సూటు వేసుకున్న పెద్దమనిషి, ఆయన భార్య, కుక్క అన్నీ పెట్టి పేజీ నింపేసేవి. అన్ని రంగుల మధ్య ఖాళీ పేజీ వస్తే అదే కొట్టొచ్చినట్టు కనపడింది. దీనికి పట్టిన సామాగ్రి ఒక ఫొటో, కాస్త ఇంకు, అంతే.

యాడ్ల రంగంలో పేరుమోసిన డేవిడ్ ఒగిల్వీ 1958లో రోల్స్‌రాయిస్‌కి రాసిన లైను కూడా ఈ కోవలోదే. గంటకు 60 మైళ్ల వేగంలో వెళ్తున్నా ఈ కారులో వినపడే పెద్ద చప్పుడు దాని ఎలక్ట్రిక్ గడియారానిదే, అన్నాడు. తమాషా ఏంటంటే ఆ మాట ఆయనకి మెరుపులా తట్టింది కాదు, కారు గురించిన కాగితాలన్నీ ముందేసుకుని చదువుతుంటే ఒక మోటారు పత్రిక రివ్యూలో దొరికింది. క్రియేటివిటీ అంటే కిటికీలోంచి చూస్తూ కూర్చోవడం అనుకునే కుర్రాళ్లకి ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

ఇక రెండో రకం. 2010 సెప్టెంబర్ 21న టైమ్స్ ఆఫ్ ఇండియా, హిందూ పేపర్లలో వచ్చిన వెంటో కారు యాడ్ గుర్తుండే ఉంటుంది (అది మ్యాగజైన్ కాదు, దినపత్రిక, కానీ సంగతి ఒకటే). చివరి పేజీలో అంటించిన చిన్న డబ్బాలో వెలుతురు తగిలితే మోగే చిప్పు, స్పీకరు. పేపరు విప్పగానే మాట్లాడటం మొదలెట్టేది, మూస్తే ఆపేది. ఆ రోజు చూసినవాళ్లందరూ దాని గురించే మాట్లాడుకున్నారు, నిజమే. కానీ ఇప్పుడు అడిగి చూడండి, "పేపరు మాట్లాడిందండీ" అంటారు, అది ఏం చెప్పిందో, కారులో గొప్పేంటో ఎవరికీ గుర్తుండదు. లెమన్ వేసింది, దీన్ని వేసింది ఒకే కంపెనీ కావడం విశేషం.

ఖర్చు సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2008 అక్టోబర్‌లో ఎస్క్వైర్ పత్రిక తన 75వ వార్షికోత్సవానికి కదిలే అక్షరాల ఎలక్ట్రానిక్ అట్ట వేసింది, లోపలి వైపు ఫోర్డ్ యాడ్ కూడా అలాగే మినుకుమినుకుమంటూ ఉండేది. ఒక్కో అట్టలో బ్యాటరీ, సర్క్యూటు చేత్తో అమర్చి, దారిలో బ్యాటరీలు నీరసించకుండా చల్లటి లారీల్లో తరలించారు. లక్ష కాపీలకే అంత అవస్థ. 2009లో ఎంటర్‌టైన్‌మెంట్ వీక్లీలో పేజీ మధ్య వీడియో ఆడే తెర పెట్టినప్పుడు అది న్యూయార్క్, లాస్ ఏంజిలెస్ చందాదారుల్లో కొందరికే అందింది. అంటే మీరు డబ్బు కట్టింది పత్రిక పాఠకుల కోసం కాదు, ఆ యాడ్ గురించి వార్త రాసేవాళ్ల కోసం! దానికి ఒప్పుకునే ఖర్చు పెడుతున్నారా అన్నది ముందే తేల్చుకోవాలి.

అయితే చిప్పు, పట్టీ, పూత ఇవన్నీ దండగ అని తీసిపారెయ్యను. పేజీ చేసే పనీ, వస్తువు చేసే పనీ ఒకటే అయినప్పుడు మాత్రం లైను దాని ముందు నిలవలేదు. 2014లో బ్రెజిల్‌లో నివియా సన్ కిడ్స్ యాడ్‌లో ఒక కాగితపు పట్టీ ఉండేది. దాన్ని చింపి పిల్లాడి చేతికి కట్టి, ఫోన్‌లో యాప్ వేసుకుని ఎంత దూరం వరకు పర్లేదో పెట్టుకుంటే, బీచ్‌లో పిల్లాడు ఆ హద్దు దాటగానే ఫోన్ మోగుతుంది. ఎండలో పిల్లల్ని కాపాడే క్రీముకి, పిల్లల్ని కాపాడే పేజీ. ఆ ఏడాది కాన్‌లో జరిగే యాడ్ల ఫెస్టివల్‌లో మొబైల్ విభాగంలో గ్రాండ్ ప్రి, అంటే అన్నిటికన్నా పెద్ద బహుమతి, దానికే వచ్చింది. స్వీడన్‌లో ఐకియా 2018లో వేసిన యాడ్ ఇంకా తెగించినది: పేజీ మీద గర్భ పరీక్ష పట్టీ, కడుపుతో ఉన్నావిడ పరీక్ష చేసుకుంటే పిల్లల మంచానికి తగ్గింపు ధర బయటపడుతుంది. అయ్యో రామా అనిపిస్తుంది గానీ ఆలోచిస్తే ఎవరికి మంచం కావాలో వాళ్లకే ధర కనపడే ఏర్పాటు అది.

మనకీ ఇది కొత్తేం కాదు. అమృతాంజనం పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు తొలిరోజుల్లో సంగీత కచేరీల్లో దాన్ని ఉచితంగా పంచేవారని చెబుతారు. తరవాత 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టి అచ్చు బలం ఏంటో చూపించిన మనిషే, రాసుకుంటే చురుక్కుమనే వస్తువుని ముందు నుదుటికి తగిలించారు.

రెండూ చేసి నెగ్గినవాళ్లూ ఉన్నారు. ఆబ్సొల్యూట్ వోడ్కా (మందు యాడ్లు మన దగ్గర కుదరవు, మనకి అదే బ్రాండు పేరుతో సోడా, మ్యూజిక్ సీడీల యాడ్లే గతి) 1980ల మొదట్లో మొదలుపెట్టి దాదాపు పాతికేళ్లు అదే సీసా ఆకారం, కింద రెండే మాటలు, ఎప్పటికప్పుడు కొత్త బొమ్మతో వేసింది. పాటలు పాడే చిప్పు కూడా పెట్టింది, కానీ అది క్రిస్మస్ లాంటి పండగ ముచ్చటకే. ఏడాది పొడుగునా పని చేసింది మామూలు కాగితమే.

కాబట్టి రేపు దీపావళి ప్రత్యేక సంచికలో బ్యాక్ కవర్ తీసుకుంటున్నారనుకోండి. అగరబత్తీలో, కాఫీ పొడో అయితే వాసన పట్టీకో సాషేకో డబ్బు పెట్టండి, కాకపోతే కట్టలు ఒకదాని మీద ఒకటి వేసినప్పుడు సాషే పగలకుండా ఉంటుందో లేదో ప్రెస్ వాళ్లని ముందే కనుక్కోండి. చేనేత చీరలైతే చిన్న మంగళగిరి గుడ్డ ముక్క అంటించినా బాగుంటుంది, చేత్తో అంటించే పని కాబట్టి మీ షాపున్న ఊరికి వెళ్లే కాపీల వరకే చేయించుకోండి. స్కూలు, ఆస్పత్రి, బ్యాంకు, చిట్‌ఫండ్ లాంటివైతే మంచి కాపీ రైటర్‌కి అడిగినంత ఇచ్చి, వారం టైమివ్వండి. ఇక వెంచర్లో ప్లాట్లు అమ్మేవాళ్లకి చిప్పూ వద్దు, సాషే వద్దు. వంద శాతం వాస్తు, క్లియర్ టైటిల్, స్పాట్ రిజిస్ట్రేషన్, రూట్ మ్యాప్, నాలుగు ఫోన్ నంబర్లు, హీరోగారి నవ్వు ఇవన్నీ ఒకే పేజీలో కుక్కడం మానేసి, వాటిలో ఒక్కటి ఉంచుకుంటే చాలు.