వార్నింగ్ లైట్ లేదని సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు కొనకండి

సెకండ్ హ్యాండ్‌లో ఆటోమేటిక్ కారు చూస్తున్నవాళ్లు కాస్త జాగ్రత్త. గేర్‌బాక్స్ ఆయిల్ టెంపరేచర్ సెన్సర్ బదులు రెసిస్టర్ (కరెంటును ఎప్పుడూ ఒకేలా అడ్డుకునే చిన్న భాగం) అతికించిన బండిని నాకో డీలర్ అంటగట్టాడు.

డ్యాష్‌బోర్డు మీద ఒక్క లైటూ వెలగదు. ఎత్తు రోడ్డు ఎక్కితే మాత్రం గేర్ మారినప్పుడల్లా కుదుపు, బండి ఆపితే మాడిన ఆయిల్ వాసన. వర్క్‌షాప్‌లో నడిపి చూసి గేర్‌బాక్స్ దించాల్సిందే అన్నారు. ముందు కారు కంప్యూటర్‌కి తగిలించే స్కానర్‌లో లైవ్ డేటా, అంటే కంప్యూటర్‌కి అప్పటికప్పుడు అందుతున్న రీడింగ్‌లు, చూపించమని పట్టుబట్టాను. రాత్రంతా ఆగి ఉన్న బండి. ఇంజిన్ కూలెంట్ 27 డిగ్రీలు, గేర్‌బాక్స్ ఆయిల్ 80! చల్లటి బండిలో ఆ రెండూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. బాగా తిప్పి తెచ్చాక చూసినా అదే 80.

సెన్సర్ కనెక్టర్ పీకించాను. లైను తెగితే మామూలుగా మైనస్ 40 దగ్గర చూపిస్తుంది. ఇక్కడ 80 కదల్లేదు. అంటే కంప్యూటర్ చదువుతున్నది సెన్సర్‌ని కానే కాదు. వైరింగ్ వెంట తడుముకుంటూ పోతే టేపు కింద రెండు వైర్ల మధ్య టంకం వేసిన చిన్న రెసిస్టర్ దొరికింది. డీలర్‌ని అడిగితే "పాత ఓనర్ పని సార్" అన్నాడు. టేపు మాత్రం కొత్తగా నిగనిగలాడుతోంది.

ఈ సెన్సర్ వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గే రకం. రెసిస్టర్ విలువేమో మారదు. కాబట్టి ఆయిల్ ఎంత మరిగినా కంప్యూటర్‌కి 80 అనే తెలుస్తుంది, ఆ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ ఫ్యాన్ ఆన్ చెయ్యదు. ఫ్యూజు, రిలే బాగానే ఉన్నాయి, ఫ్యాన్‌కి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిస్తే చక్కగా తిరిగింది. ఇంత మోసం ఎందుకంటే, చాలా బళ్లలో ఈ సెన్సర్ గేర్‌బాక్స్ లోపల ఉంటుంది, మార్చాలంటే ఆయిల్ పాన్ విప్పాలి. సెన్సర్, ఆయిల్ మార్పించాక కుదుపు పోయింది. గేర్‌బాక్స్ దించలేదు.

స్కానర్ చూపించే లోపాల కోడ్‌లలో పీ0710 నుంచి పీ0713 దాకా ఈ సెన్సర్ సర్క్యూట్‌వే. అవి లేవని నమ్మకండి, రెసిస్టర్ ఉంటే రాకపోవచ్చు. కదలని రీడింగ్‌ని పట్టుకునే కోడ్ పీ0711, నా బండిలో అదీ రాలేదు. చూడ్డానికి వెళ్లేముందు బండి స్టార్ట్ చెయ్యొద్దని చెప్పండి. చల్లగా ఉండగా ఒకసారి, నడిపాక ఇంకోసారి ఆయిల్ టెంపరేచర్ చూడండి. స్కానర్ పెట్టనివ్వకపోతే ఆ బండి వదిలేయండి.